అర్ధరాత్రి దాటితే స్టార్ట్ కాని పాంటూన్: రాత్రి చేపల వేటకు లైట్లు, కరెంటు అమర్చిన ఒక కేసు

పడవ, దాని వాడకం

ఉత్తర టెక్సస్‌లో ఒక పెద్ద రిజర్వాయర్ మీద తిరిగే 22 అడుగుల పాంటూన్ బోటు ఇది. కింద రెండు అల్యూమినియం గొట్టాలు, వాటి మీద ప్లైవుడ్ డెక్, వెనక 115 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజిన్. ముందు భాగంలో జీపీఎస్‌తో పడవను ఒకేచోట నిలిపే 24 వోల్టుల ట్రోలింగ్ మోటారు ఉంది. దానికి సిరీస్‌లో కలిపిన రెండు 12 వోల్టుల ఏజీఎం (మూసి ఉండే లెడ్ రకం) బ్యాటరీలు ఉన్నాయి. యజమాని తెలుగాయన. వేసవిలో ఇంటివాళ్లతో, స్నేహితులతో రాత్రి ఎనిమిదికి నీళ్లలోకి దిగి తెల్లవారుజామున మూడింటికి ఒడ్డుకు చేరడం అలవాటు. వేట క్రాపీ అనే మంచినీటి చేపకు, దొరికితే క్యాట్‌ఫిష్‌కు. మిగతా రోజుల్లో పడవ ట్రెయిలర్ మీద ఇంట్లోనే ఉంటుంది, గరాజ్‌లో 110 వోల్టుల ప్లగ్ అందుబాటులో ఉంటుంది. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ తర్వాత చాలా నిర్ణయాలు దీన్నిబట్టే జరిగాయి.

పాంటూన్లను తయారు చేసేది పగటి షికారు కోసం. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు వాటిలో ఒక స్టార్టింగ్ బ్యాటరీ, నావిగేషన్ లైట్లు, స్టీరియో, ఒక సన్నని వైరింగ్ కట్ట ఉంటాయి. ఇంజిన్ ఆపేసి ఏడు గంటలు లైట్ల వెలుగులో కూర్చోవడం ఆ వైరింగ్ చేసినవాళ్ల లెక్కలో లేదు.

ఫిర్యాదులు

"బ్యాటరీ కొత్తదేనండీ, లిథియం కూడా పెట్టించాను. అయినా రాత్రి రెండు దాటితే ఇంజిన్ టక్ మంటుంది గానీ తిరగదు" అన్నది మొదటి మాట. అడుగుతూ పోతే ఇంకా బయటికొచ్చాయి. ముందు వైపు లైట్లు వెనక వాటికంటే మసకగా వెలుగుతున్నాయి. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడల్లా ఫిష్ ఫైండర్ (నీటి కింది చేపల్ని సోనార్‌తో చూపే తెర) ఆగి మళ్లీ మొదలవుతోంది. డెక్ మీద తెల్లని వెలుగుకు పురుగులు ముసురుకుని పిల్లలు కూర్చోలేకపోతున్నారు. తిరుగు ప్రయాణంలో ఎదురుగా నీళ్లలో ఏముందో స్టీరింగ్ దగ్గరున్న మనిషికి కనపడటం లేదు. టెక్సస్ రిజర్వాయర్లలో నీళ్లలో మునిగిన ఎండుచెట్లు చాలాచోట్ల ఉంటాయి కాబట్టి చివరిది అన్నిటికంటే ప్రమాదకరమైన ఫిర్యాదు. యజమాని మాత్రం దాన్ని ఆఖరున, మాటవరసకు చెప్పారు.

పడవల వైరింగ్ చేసే మాకు పని అప్పగించింది "ఇంకో పెద్ద బ్యాటరీ పెట్టండి" అని. కొలవకుండా బ్యాటరీ పెట్టమని ముందే చెప్పాం.

అంతకుముందు చేయించినవి

మొదటి సీజన్‌లో ఆకుపచ్చ నీటి లైట్లు రెండింటినీ, ముందు ఫిష్ ఫైండర్‌నూ ట్రోలింగ్ మోటారు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసి నడిపారు. చాలామంది చేసే పనే ఇది. ముందు భాగంలో బ్యాటరీలు దగ్గర్లో ఉంటాయి, వైరు తక్కువ పడుతుంది. కానీ సిరీస్‌లో ఉన్న రెండు బ్యాటరీలూ ఎప్పుడూ సమానంగా ఖర్చవ్వాలి, సమానంగా నిండాలి. ఒకదాని నుంచే అదనంగా తీస్తే అది ముందు ఖాళీ అవుతుంది. ఆపైన మోటారు లాగే కరెంటు దాన్ని ఇంకా లోతుకు దించుతుంది. ఆ బ్యాటరీ ఒక్క సీజన్‌లోనే పోయింది.

తర్వాత ఒక చిన్న పెట్రోల్ జనరేటర్‌ను వెనక ప్లాట్‌ఫాం మీద పెట్టి చూశారు. శబ్దం వల్ల మానుకున్నారు, మంచిదే అయింది. ఎందుకంటే అసలు ప్రమాదం శబ్దం కాదు, కార్బన్ మోనాక్సైడ్. గాలి లేని రాత్రి, లంగరు వేసిన పడవ వెనక, నీటి ఉపరితలం మీద ఆ వాయువు పేరుకుపోతుంది. 2000లో అమెరికాలోని లేక్ పావెల్ రిజర్వాయర్ మీద హౌస్‌బోట్ల జనరేటర్ల వల్ల జరిగిన మరణాల తర్వాత అమెరికా ప్రభుత్వ సంస్థలు ఈ విషయాన్ని లోతుగా పరిశీలించాయి. తెరిచి ఉన్న డెక్ కదా, ఏమవుతుందిలే అనుకోకూడదు. పోర్టబుల్ జనరేటర్‌ను పడవ మీద నడిపే ఆలోచన ఎవరు తెచ్చినా మేం అక్కడికక్కడే వద్దంటాం.

మూడో ప్రయత్నంలో ఒక షాపువాళ్లు 100 ఆంప్-అవర్ (ఒక ఆంప్ చొప్పున వంద గంటలు ఇచ్చే) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టారు. దాన్నీ స్టార్టింగ్ బ్యాటరీనీ కలపడానికి వోల్టేజ్‌నుబట్టి మూసుకునే, తెరుచుకునే ఆటోమేటిక్ చార్జింగ్ రిలే వేశారు. డెక్ స్ట్రిప్‌లనూ ఆకుపచ్చ లైట్లనూ లిథియం మీదికి మార్చారు. స్టీరింగ్ దగ్గరి పాత ఫ్యూజ్ బ్లాకును మాత్రం స్టార్టింగ్ బ్యాటరీ మీదే ఉంచేశారు. అసలు తంటా ఇక్కడే మొదలైంది.

కొలిస్తే ఏం తేలింది

డీసీ క్లాంప్ మీటర్‌తో ఒక్కో సర్క్యూట్ విడివిడిగా కొలిచాం. ఆకుపచ్చ లైట్లు రెండూ కలిపి 5 ఆంప్స్. ఫిష్ ఫైండర్లు రెండింటికి 2.5. స్టీరియో 3. ఫోన్లు, యూఎస్‌బీ 2. పట్టిన చేపల్ని బతికించి ఉంచే తొట్టి (లైవ్‌వెల్) పంపు 2.5 లాగుతుంది కానీ టైమర్ మీద పావు వంతు సమయమే తిరుగుతుంది కాబట్టి సగటున 0.6. నావిగేషన్ లైట్లు అర ఆంప్. డెక్ చుట్టూ ఉన్న స్ట్రిప్‌లు ఐదేసి మీటర్లవి రెండు, మీటరుకు 14.4 వాట్ల రకం. అంటే ఒక్కోటి 72 వాట్లు, రెండూ కలిపి 12 ఆంప్స్ లాగాలి. మీటర్ చూపింది 7.4.

తక్కువ లాగుతున్నాయంటే మంచిదే కదా అనిపించవచ్చు. కాదు. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులుంటే స్ట్రిప్ మొదట్లో 10.9 మాత్రమే ఉంది. వెనక నుంచి ముందుకు వైరు దారి 25 అడుగులు, రానూపోనూ 50. వేసింది 16 గేజ్ వైరు (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం). దాని నిరోధం వెయ్యి అడుగులకు సుమారు 4 ఓమ్‌లు, కాబట్టి 50 అడుగులకు 0.2 ఓమ్. 7.4 ఆంప్స్‌కు అది ఒకటిన్నర వోల్టు మింగేస్తుంది, అంటే 12 శాతం. రెసిస్టర్ రకం స్ట్రిప్‌లలో తెల్ల ఎల్‌ఈడీలు మూడేసి సిరీస్‌లో ఉంటాయి, వాటికి తొమ్మిది వోల్టుల పైచిలుకు కావాలి. పైన మిగిలిన కొద్ది వోల్టులే వెలుగును నిర్ణయిస్తాయి. అందుకే ఒకటిన్నర వోల్టు పోతే వెలుగు దాదాపు నలభై శాతం పోయింది. బ్యాటరీ మార్చితే ఇది బాగుపడదు.

ఆకుపచ్చ లైట్ల తీరు వేరు. వాటిలో స్థిర కరెంటు డ్రైవర్ ఉంటుంది. వోల్టేజ్ తగ్గితే అవి మసకబారవు, అదే వెలుగు కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి. సన్నని వైరు మీద ఇలాంటి లైట్లు పెడితే వైరు వేడెక్కుతుంది తప్ప లైటు చూసి తప్పు కనిపెట్టలేం.

స్టార్ట్ కాకపోవడానికి కారణం తెలియాలంటే రాత్రంతా రెండు బ్యాటరీల వోల్టేజ్ రాసుకోవాలి, లాగర్ పెట్టాం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఏ పనీ లేకుండా ఉన్నా 13.2, 13.3 వోల్టులు చూపిస్తుంది. ఆ రిలే 13 దాటితే మూసుకుంటుంది, 12.75 కిందికి కాసేపు పడితే తెరుచుకుంటుంది. లెడ్ బ్యాటరీలకు సరిపోయేలా పెట్టిన హద్దులు అవి. లిథియం పక్కన ఉంటే రిలే ఇంజిన్ ఆగినా తెరుచుకోదు. వేరుగా ఉండాల్సిన రెండు బ్యాటరీలు అర్ధరాత్రి దాకా ఒక్కటిగానే ఖర్చవుతున్నాయి. పన్నెండున్నర ప్రాంతంలో లిథియం దాదాపు అయిపోయి వోల్టేజ్ జారగానే రిలే తెరుచుకుంది. ఆ క్షణం నుంచి స్టీరియో, ఫిష్ ఫైండర్లు, పంపు, ఫోన్లు, నావిగేషన్ లైట్లు అన్నీ కలిపి ఎనిమిదిన్నర ఆంప్స్ స్టార్టింగ్ బ్యాటరీ ఒక్కదాని మీద పడ్డాయి. రెండున్నర గంటల్లో ఇరవై ఆంప్-అవర్లు.

ఆరోగ్యంగా ఉన్న స్టార్టింగ్ బ్యాటరీ ఆ మాత్రం తట్టుకునేది. ఇది ఆరోగ్యంగా లేదు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఖాళీ లిథియం ఆల్టర్నేటర్ ఇచ్చినదంతా తానే తాగేస్తుంది. ఇద్దరికీ కలిపిన వోల్టేజ్ 13 చుట్టుపక్కలే నిలిచిపోతుంది. లెడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 14 దాటాలి. అలా ఎప్పుడూ సగం నిండి ఉండి లోపల సల్ఫేట్ పట్టింది. కొత్త బ్యాటరీ అయినా ఒక్క సీజన్‌లోనే ముసలిదైంది.

నీటి లైటు బ్రాకెట్ దగ్గర అల్యూమినియం మీద గుంటలు పడ్డాయి. యజమాని దీన్ని గమనించలేదు. పడవను ఎత్తి కింద పడుకుని చూస్తేనే కనపడింది. రబ్బరు ప్యాడ్ మీద బిగించిన బ్రాకెట్ అంచుకు రాసుకుని పాజిటివ్ వైరు తొడుగు చిరిగింది. లైటు వేసి మీటర్ పెడితే బ్రాకెట్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మూడు వోల్టుల పైన కనిపించింది. కరెంటు లోహంలోంచి నీళ్లలోకి ఎక్కడ దిగుతుందో అక్కడ లోహం కరుగుతుంది. బ్రాకెట్ పోతే కొనుక్కోవచ్చు, అదే పని గొట్టానికి జరిగితే పడవలోకి నీళ్లొస్తాయి. పైగా ఆ లైటు నెగటివ్‌ను పడవ ఫ్రేమ్‌కే బిగించారు. కారుకు చేసినట్టు అల్యూమినియం పడవకు చేయకూడదు. ప్రతి లైటుకూ రెండు వైర్లు బ్యాటరీ దాకా రావాలి.

ముందు వెలుగు, తర్వాత బ్యాటరీ

మామూలుగా ఎలక్ట్రీషియన్ బ్యాటరీతో మొదలుపెడతాడు. ఈ పనిలో వెలుగుతో మొదలుపెట్టాం. రాత్రి వేటలో వెలుగుకు మూడు వేర్వేరు పనులున్నాయి: చేపను పిలవడం, చేతిలోని గాలం, ముడి కనపడటం, పక్క పడవవాడికి మనం కనపడటం. ఈ మూడింటికీ ఒకే తెల్ల వెలుగు వాడటం వల్లే కరెంటూ కళ్లూ రెండూ పాడయ్యాయి.

చేపను పిలిచే పని ఆకుపచ్చది. నీళ్లలో ఎరుపు త్వరగా ఆగిపోతుంది, ఆకుపచ్చ ఎక్కువ దూరం పోతుంది. ఆ వెలుగుకు జూప్లాంక్టన్ చేరుతుంది, దాని కోసం షాడ్ అనే చిన్న చేపల పిల్లలు, వాటి కోసం క్రాపీ. ఈ గొలుసు కుదురుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే లైటును మాటిమాటికీ ఆర్పి వెలిగించకూడదు. గొట్టానికి బిగించిన లైట్లు తీసేసి, తాడుతో మూడు నుంచి ఐదు అడుగుల లోతుకు దించేవి పెట్టాం. బిగించినవి సగం వెలుగు పడవ అడుగునే పోస్తాయి, మరమ్మతుకు పడవను ఎత్తాలి. దించేవాటికి ముందొకటి, వెనకొకటి వాటర్‌ప్రూఫ్ సాకెట్లు ఇచ్చాం. రెండు లైట్లూ ఒకేసారి వేయనక్కర్లేదు. గాలాలు వేసిన వైపు ఒకటి చాలు. మంచి చేపలు వెలుగు నడిబొడ్డున కాక దాని అంచున, కింద చీకట్లో నిలబడతాయి. వెలుగు రెట్టింపు చేస్తే ఆ అంచు ఇంకా దూరం జరుగుతుందే గానీ చేపలు రెట్టింపు కావు. ఒక జాగ్రత్త: ఈ లైట్లు నీటితోనే చల్లబడతాయి. డెక్ మీద వెలిగించి వదిలేస్తే కాలిపోతాయి.

డెక్‌కు కాషాయం లాంటి యాంబర్ రంగు స్ట్రిప్ వేశాం. సీట్ల అడుగు అంచున, కిందికి చూసేలా, ఏ మనిషి కంటికీ నేరుగా తగలకుండా. యాంబర్‌కు పురుగులు తక్కువ వస్తాయి. చీకటికి అలవాటు పడిన కన్ను తక్కువ చెదురుతుంది. ఒకసారి చెదిరితే మళ్లీ అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. చాలామంది రాత్రి అంటే ఎర్ర లైటు అడుగుతారు. పడవ రెయిలింగ్ మీద ఎరుపు, ఆకుపచ్చ రెండూ వద్దన్నాం. పడవ ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ, ఇవి నావిగేషన్ లైట్ల రంగులు. వాటితో పొరబడే వెలుగు గానీ, చూపుకు అడ్డం వచ్చే వెలుగు గానీ ఉండకూడదని అమెరికా ఇన్‌లాండ్ నావిగేషన్ రూల్స్‌లో 20వ నిబంధన చెబుతోంది. రంగులు మారే ఆర్‌జీబీ స్ట్రిప్‌లు షాపుల్లో అందంగా ఉంటాయి, నీళ్ల మీద ఎదుటివాణ్ని తికమక పెడతాయి. ఫ్లోరసెంట్ గాలం దారం మెరవడానికి రెయిలింగ్ లోపలి వైపు ఒక చిన్న అతినీలలోహిత స్ట్రిప్ చేర్చాం. యాంబర్, ఇది కలిపి 1.5 ఆంప్స్ మాత్రమే.

ఇక కనపడటం. 12 మీటర్ల లోపు మోటారు పడవకు నలుదిక్కులా కనపడే తెల్ల లైటు, పక్క లైట్ల కంటే కనీసం ఒక మీటరు ఎత్తున ఉండాలి, రెండు మైళ్ల దాకా కనపడాలి. ఈ పడవకు వెనక కర్రమీద ఆ లైటు ఉంది కానీ బిమినీ టాప్ (మడిచే గుడ్డ పైకప్పు) విప్పి ఉంచితే ముందు నుంచి వచ్చేవాడికి అది కనపడదు. పైగా ఆ వెలుగు టాప్ అడుగున పడి డెక్ అంతా తెల్లబడేది. పొడవైన కర్ర వేసి, లైటు కింద చిన్న పళ్లెం లాంటి అడ్డు పెట్టాం. రాత్రిపూట టాప్ మడిచి ఉంచాలన్నది నియమం చేశాం. ముందున్న డాకింగ్ లైట్లు రేవు దగ్గర తప్ప వేయకూడదని స్విచ్ పక్కనే రాసి అంటించాం.

లెక్క మళ్లీ వేశాం: స్ట్రిప్‌లు 1.5, ఒక ఆకుపచ్చ లైటు 2.5, ఫిష్ ఫైండర్లు 2.5, పంపు 0.6, స్టీరియో సౌండు తగ్గించి 1.5, ఫోన్లకు 1.5. మొత్తం 10.1 ఆంప్స్. ఏడు గంటలకు 71 ఆంప్-అవర్లు. పాత పద్ధతిలో స్ట్రిప్‌లు పూర్తి వెలుగు ఇచ్చి ఉంటే అది 180 అయ్యేది. యజమాని దగ్గర ఉన్న 100 ఆంప్-అవర్ లిథియమే సరిపోతుంది, పావు వంతుకు పైగా మిగులుతుంది. లైట్ల కోసం కొత్త బ్యాటరీ కొనలేదు. ఏజీఎంలో అయితే సగమే వాడుకోవాలి కాబట్టి ఇదే పనికి 150 దాకా కావాల్సి వచ్చేది, బరువు మూడు నాలుగు రెట్లు.

కరెంటు అమరిక

స్టార్టింగ్ బ్యాటరీ మీద ఇంజిన్, నావిగేషన్ లైట్లు, లిథియంను నింపే డీసీ చార్జర్‌కు వెళ్లే ఫీడు తప్ప ఇంకేమీ ఉండకూడదన్నది మొదటి నిర్ణయం. నావిగేషన్ లైట్లను లిథియం మీద పెట్టొచ్చు కదా అని యజమాని అడిగారు. లిథియం బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) ఏదైనా తేడా వస్తే ఒక్కసారిగా కరెంటు ఆపేస్తుంది. అప్పుడు స్టీరియో ఆగితే పర్వాలేదు, నావిగేషన్ లైట్లు ఆగకూడదు. లంగరు మీద తెల్ల లైటు ఒక్కటే వెలుగుతుంది, అది లాగేది 0.3 ఆంప్. రాత్రంతా రెండు ఆంప్-అవర్లు, స్టార్టింగ్ బ్యాటరీకి లెక్కలోకి రాదు. చెడిపోయిన ఆ బ్యాటరీని మాత్రం మార్చక తప్పలేదు.

ఆటోమేటిక్ రిలే తీసేసి దాని స్థానంలో 18 ఆంప్స్ డీసీ-టు-డీసీ చార్జర్ పెట్టాం. 30 ఆంప్స్‌ది ఎందుకు వద్దంటే, ఇంజిన్ ఆల్టర్నేటర్ మొత్తం సామర్థ్యమే 35 ఆంప్స్ తరగతిది, అదీ ఎక్కువ ఆర్‌పీఎమ్ మీద. నెమ్మదిగా పోయేటప్పుడు చాలా తక్కువ ఇస్తుంది, అందులో ఇంజిన్ సొంత ఖర్చు ఉండనే ఉంది. లిథియంను నేరుగా ఆల్టర్నేటర్‌కు కలిపితే ఇంకో ప్రమాదం: చార్జ్ అవుతుండగా బీఎంఎస్ తెగితే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగసి రెగ్యులేటర్ పోవచ్చు. మధ్యలో చార్జర్ ఉంటే ఆ దెబ్బ ఇంజిన్ దాకా పోదు. అయితే దీని మీద ఆశలు ఎక్కువ పెట్టుకోవద్దని చెప్పాం. ఇరవై ఐదు నిమిషాల తిరుగు ప్రయాణంలో వచ్చేది ఏడు ఆంప్-అవర్లే. వరసగా రెండు రాత్రులు ఉండి మధ్యలో పగలు మూడు గంటలు తిరిగితే మాత్రం యాభై దాకా వస్తాయి. ఈ యజమానికి అలాంటి వారాంతాలు ఉన్నాయి కాబట్టే పెట్టాం, లేకపోతే గరాజ్‌లోని 20 ఆంప్స్ లిథియం చార్జర్ నాలుగు గంటల్లో నింపేస్తుంది.

రెండు బ్యాటరీలనూ కలిపే ఎమర్జెన్సీ స్విచ్ పెట్టలేదు. 100 ఆంప్-అవర్ లిథియంకు బీఎంఎస్ హద్దు సాధారణంగా 100 ఆంప్స్. ఈ సైజు ఇంజిన్ స్టార్టర్ అంతకంటే ఎక్కువ లాగుతుంది. అవసరం వచ్చిన రాత్రి స్విచ్ తిప్పితే లిథియం కూడా ఆగిపోయి పడవంతా చీకటవుతుంది. దానికి బదులు సీటు కింద ఒక జంప్ స్టార్టర్ ప్యాక్ ఉంచమన్నాం.

లిథియం పాజిటివ్ టెర్మినల్ మీదే బిగించే 60 ఆంప్స్ ఫ్యూజ్ వేశాం. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ ప్రకారం, గొట్టంలోనో అదనపు తొడుగులోనో పెట్టని వైరుకు బ్యాటరీ నుంచి ఏడంగుళాల లోపు ఫ్యూజ్ ఉండాలి. అక్కడి నుంచి స్టీరింగ్ దగ్గరకు ఒక ఫీడు, ముందు భాగానికి ఒక ఫీడు. ముందుకు 8 గేజ్ టిన్ పూసిన రాగి వైరు, 30 ఆంప్స్ ఫ్యూజ్. 50 అడుగులకు దీని నిరోధం 0.03 ఓమ్, 12 ఆంప్స్ లాగినా 0.4 వోల్టు లోపే పోతుంది, అంటే మూడు శాతం. 10 గేజ్‌తోనూ పని జరిగేదే. రెండింటి ధర తేడా తక్కువ, మళ్లీ డెక్ కిందికి దూరి వైరు మార్చే పని మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

డెక్ కింద వైరు ముడతల గొట్టంలో పెట్టి, ప్రతి 18 అంగుళాలకు రబ్బరు పూత ఉన్న క్లాంపుతో అడ్డదూలాలకు బిగించాం. దూలంలో రంధ్రం గుండా పోయే ప్రతిచోటా గ్రామెట్ (రబ్బరు వలయం). ట్రెయిలర్ మీద వెళ్లేటప్పుడు కలిగే అదురే వైర్లను తినేస్తుంది, నీళ్ల మీద కాదు. ప్రతి లగ్గూ రాచెట్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేడిచేసి, చివరి నుంచి జిగురు బయటికి తొంగిచూసే దాకా ఆగాం. ఆ జిగురు వలయం కనపడకపోతే లోపలికి తేమ పోతుంది. పెట్రోల్ ట్యాంకు ఉన్న వెనక భాగంలో పెట్టిన స్విచ్‌లు, బ్రేకర్లు అన్నీ నిప్పురవ్వ బయటికి రాని, ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ రకమే. చార్జర్‌ను ట్యాంకుకు దూరంగా స్టీరింగ్ కన్సోల్‌లో, గాలి ఆడేలా నిలువుగా బిగించాం.

ఇంకొక చిన్న రిలే ఈ పడవలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. కారుల్లో వాడే ఐదు కాళ్ల సీల్డ్ రిలే అది. 30వ కాలుకు లిథియం ఫీడు, కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే 87ఎ కాలు నుంచి డెక్ స్ట్రిప్‌లకూ ఆకుపచ్చ సాకెట్లకూ, కాయిల్‌కు ఇంజిన్ తాళం నుంచి 12 వోల్టులు. తాళం తిప్పగానే వేట లైట్లన్నీ ఆరిపోతాయి. వెనక మెట్టు దగ్గర ఒక్క చిన్న యాంబర్ దీపం మిగులుతుంది. అలసిపోయి ఇంటికి బయలుదేరే మనిషికి లైట్లు ఆర్పాలని గుర్తుండకపోవచ్చు. గుర్తు పెట్టుకోవాల్సిన అవసరమే లేకుండా చేశాం. నీళ్లలో లైటు వదిలేసి పడవ నడిపి వైరును ప్రొపెల్లర్‌కు చుట్టుకునే ప్రమాదం మాత్రం దీనితో పోదు. దానికి సాకెట్ మూత మీద "తాడు పైకి లాగు" అని రాయించాం.

కుదరనిది, కుదిరినది

అన్నీ అయ్యాక ఫిష్ ఫైండర్ తెర మీద నిలువు గీతలు మొదలయ్యాయి, ఆకుపచ్చ లైటు వేసినప్పుడు మాత్రమే. లైటు వైరుకు ఫెర్రైట్ రింగులు (విద్యుత్ గోలను అణిచేవి) వేస్తే ఏ మార్పూ లేదు. లైటు తాడును సోనార్ ట్రాన్స్‌డ్యూసర్‌కు దూరం జరిపినా అంతే. అప్పుడు ఫిష్ ఫైండర్‌ను వేరే చిన్న బ్యాటరీతో నడిపి చూశాం. గీతలు పూర్తిగా పోయాయి. అంటే గోల గాలిలోంచి రావడం లేదు, ఇద్దరూ పంచుకుంటున్న ఫీడు వైరులోంచి వస్తోంది. ఫిష్ ఫైండర్లకు ప్రధాన ఫ్యూజ్ బ్లాకు నుంచి విడిగా మెలితిప్పిన జంట వైరు లాగి, పడవ రెండో వైపు నుంచి తీసుకెళ్లాం. గీతలు కనపడనంత తగ్గాయి. ఈ వేరే బ్యాటరీ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది, ముందే చేసి ఉంటే ఫెర్రైట్ల జోలికి పోనక్కర్లేదు.

లిథియం నెగటివ్‌లో షంట్ మీటర్ (వచ్చీపోయే కరెంటును లెక్కించేది) పెట్టాం కాబట్టి వాడకం యజమాని ఫోన్‌లోనే కనిపిస్తుంది. పూర్తి రాత్రికి 68 నుంచి 75 ఆంప్-అవర్లు, లెక్కకు దగ్గరగానే. తెల్లవారుజామున స్టార్టింగ్ బ్యాటరీ 12.6 దగ్గర ఉంటోంది, ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంటోంది. ఫిష్ ఫైండర్లు ఇప్పుడు స్టార్టింగ్ బ్యాటరీ మీద లేవు కాబట్టి ఆగి మొదలవ్వడం కూడా పోయింది. పిల్లలకు యాంబర్ వెలుగు మొదట నచ్చలేదు, చీకటిగా ఉందన్నారు. కళ్లు అలవాటు పడ్డాక చుక్కలు కనపడుతున్నాయని వాళ్లే చెప్పారట.

ఇలాంటి పని ఇంకొకరికి చేసేటప్పుడు

కస్టమర్ ఏ బ్యాటరీ కావాలని అడిగినా, ముందు గంటల లెక్క అడగండి: ఎన్ని గంటలు, ఇంజిన్ ఎంతసేపు తిరుగుతుంది, ఇంటి దగ్గర ప్లగ్ ఉందా. ఆ తర్వాత క్లాంప్ మీటర్. లైటు దగ్గర వోల్టేజ్‌ను లైటు వెలుగుతున్నప్పుడే కొలవాలి. ఆర్పి కొలిస్తే ఎంత సన్నని వైరైనా బ్యాటరీ వోల్టేజ్‌నే చూపిస్తుంది. మసక లైటు, తక్కువ ఆంప్స్ రెండూ కలిసి కనిపిస్తే వైరును అనుమానించండి.

లిథియం, లెడ్ కలిసి ఉన్న పడవలో వోల్టేజ్‌నుబట్టి పనిచేసే రిలే కనిపిస్తే, అది ఎవరు పెట్టినా సరే, ఒక రాత్రి లాగర్ పెట్టి చూడండి. పగలు షాపులో అంతా సవ్యంగానే కనపడుతుంది.

చలికాలం సంగతి కూడా చెప్పాలి. ఉత్తర టెక్సస్‌లో జనవరి రాత్రుల్లో సున్నా సెల్సియస్ కిందికి పోవడం మామూలే. ఆ చలిలో లిథియంను చార్జ్ చేస్తే సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి. తక్కువ ఉష్ణోగ్రతలో చార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉందో లేదో బ్యాటరీ కాగితాల్లో చూసుకోవాలి, లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఆగస్టులో దీనికి తిరగబడుతుంది. మూసిన సీటు కింద వేడికి బీఎంఎస్ ఆగిపోవచ్చు. ఈ పడవలో సీటు పెట్టెకు రెండు వైపులా గాలి జాలీలు పెట్టింది అందుకే.

ఈ వ్యాసం చదివి ఆంధ్ర తీరంలో పడవకు ఆకుపచ్చ లైట్లు పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. టెక్సస్ చెరువుల్లో లైటు వెలుగులో గాలం వేయడం చట్టబద్ధమే. భారత్‌లో మాత్రం ఈఈజెడ్ అనే సముద్ర ఆర్థిక మండలి జలాల్లో ఎల్‌ఈడీ, ఇతర కృత్రిమ లైట్లతో చేపల్ని పోగుచేసి పట్టడాన్ని కేంద్రం 2017 నవంబరులో నిషేధించింది. వైరింగ్, ఫ్యూజులు, బ్యాటరీలు వేరు చేయడం ఎక్కడైనా పనికొస్తాయి, నీటి లైట్లు మాత్రం అక్కడ పెట్టకూడదు.

ప్రతి వసంతంలో సీజన్ మొదలయ్యే ముందు ఈ పడవకు మేం చూసేవి: టెర్మినల్ బోల్టుల బిగువు, ముందు సాకెట్ల దగ్గర లోడ్ మీద వోల్టేజ్, డెక్ కింద క్లాంపుల దగ్గర వైరు తొడుగు, లైటు తాళ్ల చివర్లలో పగుళ్లు, గొట్టాల మీద కొత్త గుంటలు. చివరిగా అన్ని స్విచ్‌లూ ఆర్పి, పడవ నీళ్లలో ఉండగా రెండు బ్యాటరీల నుంచి కరెంటు ఏమైనా కారుతోందేమో మిల్లీఆంప్స్‌లో కొలుస్తాం. షంట్ మీటర్, స్టీరియో మెమరీ తీసుకునేదానికంటే ఎక్కువ కనపడితే, అది ఎక్కడికి పోతోందో దొరికేదాకా ఆ పడవను ఒడ్డునే ఉంచుతాం.